నొక్కిన వెంటనే కదిలే టీవీ

"అన్నా, ఎన్ని అంగుళాలది తీసుకోమంటావు?" గేములు ఆడుకోవడానికి టీవీ కొనాలనుకున్న కుర్రాడెవరైనా మా అంగడికొచ్చి మొదట అడిగేది ఇదే. తర్వాత "4కె ఉండాలా?" అంటాడు. ఆ తర్వాత ధర. మూడూ అడగాల్సినవే. అయితే ఆటకు అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్నను మాత్రం దాదాపు ఎవరూ అడగరు. చేతిలో బటన్ నొక్కిన తర్వాత తెరమీది మనిషి కదలడానికి ఎంతసేపు పడుతుంది? ఈ ఒక్కటీ సరిగ్గా లేకపోతే పెద్ద తెర, మంచి రంగులు, బోలెడు ధర ఏవీ అక్కరకు రావు.

సోమందేపల్లెలో టీవీలు బాగుచేయడం నా వృత్తి. పెనుకొండకూ హిందూపురానికీ నడుమ, 44వ జాతీయ రహదారి మీదున్న మండల కేంద్రం మాది. ఒకప్పుడు అనంతపురం జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి శ్రీసత్యసాయి జిల్లా. డబ్బా టీవీల కాలంలో పని నేర్చుకున్నాను. పిక్చర్ ట్యూబులు పోయి ఎల్‌ఈడీలు రావడం ఈ బల్ల దగ్గరే చూశాను. ఎర్రమంచి దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీలో 2019లో ఉత్పత్తి మొదలయ్యాక చుట్టుపక్కల గదులు అద్దెకు తీసుకుని ఉండే కుర్రాళ్లు పెరిగారు. షిఫ్టు దిగి వచ్చి కాసేపు ఫుట్‌బాల్ గేమ్ ఆడుకుని పడుకుంటారు. మగ్గాల ఇళ్ల పిల్లల సంగతి వేరు. వాళ్ల ఇళ్లలో ముందుగదంతా మగ్గానికే సరిపోతుంది, టీవీ పెట్టాలంటే లోపలి పడకగదిలోనే. ఆ టీవీకి పెట్టేది నాయన చీర నేసి తెచ్చిన కూలీలోంచి పక్కకు తీసిన డబ్బు. అందుకే ఒకసారి కొంటే అది సరైనదై ఉండాలని నా పట్టుదల. వీళ్ల దగ్గర ఉండేవి బెంగళూరు నేషనల్ మార్కెట్టులో కొన్న పాత పీఎస్4 గేమ్ డబ్బా, లేదంటే కాలేజీ లాప్‌టాప్, అదీ కాకుంటే చేతిలోని ఫోను.

తల్లిదండ్రులకు ముందు ఒక మాట. గేమింగ్ అనగానే డబ్బు పోగొట్టుకునే రమ్మీ అనుకుని భయపడేవాళ్లు ఉన్నారు. అలాంటివాటిని మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు కూడా, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల మీద దేశమంతటికీ వర్తించే చట్టం చేసింది. టీవీకి డబ్బా తగిలించి ఆడే కారు రేసులు, క్రికెట్టు, ఫుట్‌బాల్ ఆ కోవలోకి రావు. పిల్లవాడు ఎంతసేపు ఆడాలన్నది ఇంట్లో మీరు తేల్చుకోవలసింది.

ఇక అసలు సంగతి. పాత డబ్బా టీవీకి జాప్యం అంటే ఏమిటో తెలియదు. కార్ట్రిడ్జి పెట్టి ఆడే వీడియో గేమ్ డబ్బా నుంచి వచ్చిన సిగ్నల్ వచ్చింది వచ్చినట్టే పిక్చర్ ట్యూబులోని ఎలక్ట్రాన్ గన్‌కు చేరేది. ఒక గీత తర్వాత ఇంకో గీత గీసుకుంటూ పోయేది. దాచిపెట్టుకోవడానికి దానిలో మెమరీయే లేదు. అందుకే ఆ రోజుల్లో బటన్ నొక్కీ నొక్కగానే బొమ్మ ఎగిరేది.

ఇప్పటి ఎల్‌ఈడీ టీవీ అట్లా కాదు. వచ్చిన ప్రతి బొమ్మనూ, అంటే ప్రతి ఫ్రేమునూ, ముందు మెమరీలో పెట్టుకుంటుంది. తెర కొలతకు తగ్గట్టు సాగదీస్తుంది. చుక్కల మరకలు తుడుస్తుంది. రంగులు ముదురు చేస్తుంది. అంచులు పదును చేస్తుంది. ఇవన్నీ అయ్యాకే ప్యానెల్‌కు పంపుతుంది. నీళ్ల ట్యాంకరు దగ్గర ముందు బిందె నిండేదాకా వెనక బిందె ఆగినట్టు ప్రతి ఫ్రేమూ ఒక్కో పని దగ్గర ఆగుతూ పోతుంది. సెకనుకు 60 ఫ్రేములు వచ్చే ఆటలో ఒక్కో ఫ్రేము వాటా దాదాపు 16.7 మిల్లీ సెకన్లు. టీవీ మూడు ఫ్రేములు పట్టి ఉంచిందంటే 50 మిల్లీ సెకన్లు వెనకబడినట్టే. ఆరు పట్టి ఉంచితే వంద.

వీటన్నిటిలో ఆటకు ఎక్కువ చెరుపు చేసేది కదలికను నునుపు చేసే సౌకర్యం. ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెడుతుంది కానీ పని ఒక్కటే. రెండు ఫ్రేముల నడుమ లేని ఫ్రేమును టీవీ తానే ఊహించి పుట్టిస్తుంది. నడిమిది ఊహించాలంటే తర్వాతిది చేతికి రావాలి కదా? అంటే అది వచ్చేదాకా ఇప్పటిదాన్ని చూపించకుండా ఆపాల్సిందే. చిప్పు ఎంత వేగమైనదైనా ఈ ఆగడం తప్పదు. సినిమా చూసేటప్పుడు ఇది ఎవరికీ అడ్డం కాదు, బొమ్మా మాటా కలిపి ఆలస్యంగా వస్తాయి కాబట్టి తెలియదు. ఆటలో మన వేలు ఉంది. బంతి బ్యాటు దగ్గరికి వచ్చినప్పుడు నొక్కామనుకుంటాం, నిజానికి బంతి అప్పటికే దాటిపోయి ఉంటుంది.

దీనికి విరుగుడుగా టీవీల్లో గేమ్ మోడ్ పెట్టారు. అది వేయగానే టీవీ ఈ సింగారింపు పనుల్లో చాలావాటిని పక్కన పెట్టి ఫ్రేమును దాదాపు నేరుగా ప్యానెల్‌కు పంపుతుంది. గేమ్ మోడ్ ఉన్న మంచి టీవీలో జాప్యం 10 నుంచి 20 మిల్లీ సెకన్ల దగ్గర ఉంటుంది. అది లేనప్పుడు వంద దాటడం మామూలే. పడకగది టీవీకి నేను పెట్టే మొదటి షరతు ఇదే. అంగట్లో రిమోట్ తీసుకుని పిక్చర్ సెట్టింగుల్లోకి వెళ్లి గేమ్ మోడ్ ఉందో లేదో మీ కళ్లతో చూడండి. "ఉంటుంది లేప్పా" అన్న మాటను నమ్మి డబ్బు కట్టొద్దు. తక్కువ ధర టీవీలు కొన్నిటిలో 'గేమ్' అని రాసి ఉన్నా అది ఉత్త రంగుల మార్పే. నొక్కితే తెర కాస్త మెరుస్తుంది తప్ప జాప్యం ఏమీ తగ్గదు.

మరి నిజందో కాదో తెలిసేదెట్లా? నా బల్ల మీద చేసే పరీక్ష ఇది, లాప్‌టాప్ ఉన్న ఎవరైనా చేయొచ్చు. లాప్‌టాప్‌ను హెచ్‌డీఎంఐ వైరుతో టీవీకి కలిపి, రెండు తెరల మీదా ఒకే బొమ్మ వచ్చేలా డూప్లికేట్ పెట్టాలి. మిల్లీ సెకన్లు చూపించే స్టాప్‌వాచ్ ఒకటి తెరిచి నడపాలి. లాప్‌టాప్‌ను టీవీ ముందు నిలబెట్టి, రెండు గడియారాలూ ఒకే ఫోటోలో పడేలా ఫోనుతో నాలుగైదు ఫోటోలు తీయాలి. గదిలో వెలుతురు బాగుంటే అంకెలు అలుక్కుపోవు. ఫోటోను పెద్దది చేసి చూస్తే, ఉదాహరణకు, లాప్‌టాప్ మీద 12.480 ఉన్న క్షణాన టీవీ మీద 12.370 ఉంటుంది. అంటే టీవీ 110 మిల్లీ సెకన్లు వెనకుంది. ఇప్పుడు గేమ్ మోడ్ వేసి మళ్లీ తీయాలి. తేడా 20కో 30కో దిగిందంటే ఆ మోడ్ నిజమైనదే. అంకె కదలలేదంటే ఆ టీవీని అక్కడే వదిలేయండి. లాప్‌టాప్ తెరకు కూడా తనదంటూ కొద్దిపాటి జాప్యం ఉంటుంది కాబట్టి ఇది కచ్చితమైన కొలత కాదు. రెండు టీవీల మధ్య ఎంచుకోవడానికి మాత్రం ఇంతకంటే మంచిది, ఖర్చులేనిది నాకు కనిపించలేదు. ఒకసారి కియాలో పనిచేసే ఒక అబ్బాయి ఈ ఫోటోలు చూసి, "ఇన్నాళ్లూ నాకే చేతకాదనుకుంటి అన్నా" అన్నాడు. గేమ్ మోడ్ వేసి పంపించాను. తర్వాత కొత్త టీవీ ఊసే ఎత్తలేదు.

టీవీ అట్టడబ్బా మీద 'రెస్పాన్స్ టైమ్ 8 ఎంఎస్' అని ఉంటుంది. అది ఈ జాప్యం కాదు. ప్యానెల్‌లోని చుక్క ఒక రంగు నుంచి ఇంకో రంగుకు మారడానికి పట్టే కాలం. అది ఎక్కువుంటే పరుగెత్తే బొమ్మ వెనక తోక కనిపిస్తుంది. వేలికీ తెరకూ మధ్య ఎడం ఎంతో అది చెప్పదు, ఆ అంకెను డబ్బా మీద వేసే కంపెనీ నా కంటబడలేదు. అట్లాగే పెద్ద అక్షరాలతో వేసే 'మోషన్ రేట్ 120', 'ఇండెక్స్ 240' లాంటివాటికి లోబడకండి. వివరాల పట్టికలో 'రిఫ్రెష్ రేట్' అన్న వరుస చూడండి. మన బడ్జెట్ టీవీల్లో అక్కడ ఉండేది 60 హెర్ట్జ్. అదే నిజం. దాంతో బాధ కూడా లేదు, ఎందుకంటే పీఎస్4 సెకనుకు 60 ఫ్రేములకు మించి పంపదు. జీటీఏ 5 లాంటి ఆట దాని మీద 30 ఫ్రేములతోనే నడుస్తుంది. 120 హెర్ట్జ్ టీవీకి అదనంగా పోసే డబ్బు పీఎస్4 ఉన్న గదిలో వృథా.

చుక్కల లెక్కకు వద్దాం. 32 అంగుళాల టీవీల్లో ఎక్కువ భాగం 'హెచ్‌డీ రెడీ', అంటే అడ్డం 1366 చుక్కలు, నిలువు 768. మొత్తం పది లక్షల పైచిలుకు. ఫుల్ హెచ్‌డీ అయితే 1920 ఇంటూ 1080, దాదాపు 20 లక్షలు. 4కె అయితే 3840 ఇంటూ 2160, దాదాపు 83 లక్షలు. పీఎస్4 పంపే బొమ్మ ఫుల్ హెచ్‌డీ. దాన్ని 768 గీతల్లో ఇరికించాలంటే టీవీ సమానంగా భాగించలేదు, ఒక చుక్కలో సగం ఇటు, సగం అటు పోతుంది. సీరియల్లో మొహాలు బాగానే కనిపిస్తాయి. ఆటలో మూలన ఉండే చిన్న మ్యాపు, తూటాల లెక్క, స్కోరు అక్షరాలు మాత్రం అలికినట్టవుతాయి. అదే బొమ్మను 4కె తెర మీద వేస్తే ఒక్కో చుక్క స్థానంలో సరిగ్గా నాలుగు చుక్కలు కూర్చుంటాయి, శుభ్రంగా ఉంటుంది. కాబట్టి 32 అంగుళాలే తీసుకునేట్టయితే ఫుల్ హెచ్‌డీ వెతికి తీసుకోండి, రెండు మూడు వేలు ఎక్కువైనా సరే. 43 అంగుళాలకు వెళ్తే ఇప్పుడు 4కె సులభంగా దొరుకుతుంది.

ఇక్కడ ఒక మోసం ఉంది, గట్టిగా చెప్పాలి. పేరూ ఊరూ లేని టీవీల డబ్బా మీద '4కె సపోర్ట్' అని ఉంటుంది. 4కె సిగ్నల్ ఇస్తే తీసుకుంటుందని దాని అర్థం. లోపలి ప్యానెల్ హెచ్‌డీ రెడీయే. మా దగ్గరికి రిపేరుకు వచ్చినప్పుడు వెనక మూత విప్పి ప్యానెల్ నంబరు చూస్తే తెలుస్తుంది, అప్పటికి డబ్బు పోయి ఉంటుంది. కొనేటప్పుడు 'ప్యానెల్ రిజల్యూషన్' ఎంత అని అడిగి, అదే మాట బిల్లు మీద రాయించుకోండి. రాయనంటే బయటికి వచ్చేయండి.

ఎన్ని అంగుళాలు అన్నదానికి గదే జవాబు చెబుతుంది. మంచం మీద కూర్చుని కంటి నుంచి గోడ దాకా టేపు పెట్టండి. నాలుగు, నాలుగున్నర అడుగులు వస్తే 32 చాలు. అయిదున్నర, ఆరు అడుగులు వస్తే 43. పది అడుగుల గదిలో గోడకు ఆనించిన మంచం మీద కూర్చున్నా టీవీ ఆరు, ఏడు అడుగుల లోపే ఉంటుంది కాబట్టి మా ఊరి గదులకు 43 మించి అక్కర్లేదని నా అభిప్రాయం. 43 అంటే మూలనుంచి మూలకు కొలత. వెడల్పు దాదాపు మూడడుగుల ఒక అంగుళం, తలుపుకూ కిటికీకీ మధ్య అది పడుతుందో లేదో ముందే చూసుకోవాలి. 55 అంగుళాలది దగ్గరగా పెట్టుకుంటే ఆటలో నాలుగు మూలలూ చూడటానికి మెడ తిప్పాల్సి వస్తుంది.

ప్యానెల్ రకం కూడా గదిని బట్టే. వీఏ అనే రకంలో నలుపు బాగా నల్లగా ఉంటుంది, రాత్రి లైటు ఆర్పి ఆడేవాళ్లకు బాగుంటుంది, కానీ పక్కనుంచి చూస్తే రంగులు వెలిసిపోతాయి. ఐపీఎస్ రకం ఎటు నుంచి చూసినా ఒకేలా ఉంటుంది, చీకట్లో నలుపు కాస్త బూడిదగా కనిపిస్తుంది. ఒక్కడే ఎదురుగా కూర్చుని ఆడే గది అయితే వీఏ. అన్నదమ్ములు ఇద్దరూ పక్కపక్కన కూర్చుంటూ, అమ్మ పక్కమంచం మీంచి సీరియల్ చూసే గది అయితే ఐపీఎస్. హెచ్‌డీఆర్ అన్న మాటకు ఈ ధరలో విలువ ఇవ్వకండి. దానికి కావాల్సిన వెలుగు 250, 300 నిట్ల తెరలో రాదు.

పీఎస్5 ఉన్నవాళ్లకు రెండు మాటలు. మన దేశంలో అది 2021 ఫిబ్రవరిలో 49,990 రూపాయలకు వచ్చింది. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ 2020 నవంబరులో 34,990కి వచ్చింది. ఇవి 120 ఫ్రేముల దాకా పంపగలవు. 4కెలో అంత వేగం రావాలంటే హెచ్‌డీఎంఐ 2.1 ఉన్న 120 హెర్ట్జ్ టీవీ కావాలి, అది బడ్జెట్ మాట కాదు. హెచ్‌డీఎంఐ 2.0 ఉన్న మామూలు టీవీలో 4కె 60 ఫ్రేములు హాయిగా వస్తాయి, నూటికి తొంభై మందికి అది చాలు. వైరు తగిలించాక టీవీ సెట్టింగుల్లో హెచ్‌డీఎంఐ ఫార్మాట్‌ను 'ఎన్‌హాన్స్‌డ్'కు మార్చాలి. మార్చకపోతే కొన్ని టీవీలు పూర్తి రంగులు తీసుకోవు. గేమ్ డబ్బాయే, అంటే కన్సోలే, టీవీకి చెప్పి గేమ్ మోడ్ వేయించే ఏఎల్‌ఎల్‌ఎం అనే ఏర్పాటు కొత్త కన్సోళ్లలో ఉంది. పీఎస్4లో లేదు, చేత్తో వేసుకోవాలి. చాలా టీవీల్లో ఈ సెట్టింగు ఒక్కో పోర్టుకు విడివిడిగా గుర్తుంటుంది. ఒకటో పోర్టులో వేసి, వైరు రెండో పోర్టుకు మార్చితే మళ్లీ మొదటికొస్తుంది.

ఫోన్లో ఆడి టీవీలో చూడాలనుకునే పిల్లలు ఎక్కువ. వైఫై మీద స్క్రీన్ కాస్ట్ చేస్తే ఫోను వీడియోను కుదించి పంపాలి, టీవీ దాన్ని విప్పి చూపించాలి. ఆ రాకపోకల్లోనే ఆట పోతుంది. ఎంత ఖరీదైన టీవీ కొన్నా ఇది మారదు. టైప్ సీ నుంచి హెచ్‌డీఎంఐ వైరు వేస్తే మేలు, అయితే ఫోను ఆ రంధ్రం గుండా బొమ్మను బయటికి పంపగలిగేదై ఉండాలి. ధర తక్కువ ఫోన్లలో ఆ వీలు ఉండదు. వైరు కొనేముందు ఫోను వివరాల్లో డిస్‌ప్లే పోర్ట్ అన్న మాట ఉందేమో చూడండి.

లాప్‌టాప్ మీద తుపాకీ ఆటలు మాత్రమే ఆడే కుర్రాడికి నేను టీవీయే వద్దంటాను. 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్, 144 హెర్ట్జ్ ఉన్నది, చిన్న టీవీ ధరకు దగ్గరలోనే దొరుకుతుంది. జాప్యం చాలా తక్కువ. రిమోటూ, ఛానెళ్లూ ఉండవు, కొన్నిటికి స్పీకర్లు కూడా ఉండవు. ఇంట్లో వాళ్లకు అది పనికిరాదు కాబట్టి ఇంట్లో ఉండే తెర అదొక్కటే అయితే మాత్రం ఈ దారి వద్దు.

ధరల విషయంలో ఇప్పుడు కొంత ఊరట. 32 అంగుళాల లోపు వాటికి 2019 నుంచే జీఎస్టీ 18 శాతం. దానికి మించినవాటి మీద 28 శాతం ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుంచి వాటికీ 18 శాతమే. పన్ను కాక 20,000 ఉండే 43 అంగుళాల టీవీ అప్పట్లో 25,600 అయ్యేది, ఇప్పుడు 23,600. ఆ రెండు వేలతో నేను కింద చెప్పబోయే వస్తువు కొనుక్కోవచ్చు. ఇంకో సంగతి, ఈ టీవీల్లో చాలా వాటిని బిగించేది మన దగ్గరే. షియోమీ 2018లో డిక్సన్ కంపెనీతో కలిసి తిరుపతిలో టీవీల తయారీకి ఏర్పాటు చేసుకుంది. టీసీఎల్ వాళ్ల ప్యానెళ్ల ఫ్యాక్టరీ కూడా తిరుపతి దగ్గరే ఉంది. అయినా రిపేరు దగ్గరికి వచ్చేసరికి ఆ దగ్గరతనం ఏమీ కలిసిరాదు. కొనేముందు మీ పిన్‌కోడ్ చెప్పి, ఇంటికి వచ్చి బాగుచేస్తారా, మనమే హిందూపురమో అనంతపురమో మోసుకుపోవాలా అని కంపెనీ నంబరుకే ఫోను చేసి కనుక్కోండి. ప్యానెల్ పగిలితే వారంటీ వర్తించదు, కొత్త ప్యానెల్ ధర కొత్త టీవీ ధరకు దరిదాపుల్లో ఉంటుంది. అందుకే బైకు మీద తెచ్చేటప్పుడు డబ్బాను పడుకోబెట్టొద్దు. వెనక కూర్చున్నవాడు నిలువుగా పట్టుకోవాలి, ఆటో అయితే ఇంకా మంచిది.

ఇప్పుడు మా నేలకు సంబంధించిన సంగతి. నా బల్ల మీదికి వచ్చే గేమింగ్ టీవీల్లో ఎక్కువగా పోయి ఉండేది హెచ్‌డీఎంఐ పోర్టు. తెర బాగుంటుంది, శబ్దం బాగుంటుంది, 'నో సిగ్నల్' అంటుంది. కారణం ఎక్కువసార్లు ఎర్తింగు. పీఎస్4కూ, పీఎస్5కూ, చాలా టీవీలకూ రెండు పిన్నుల ప్లగ్గే. వాటి లోపలి పవర్ సప్లైలో ఫిల్టర్ కెపాసిటర్లు ఉంటాయి. ఎర్తు లేని చోట వాటి గుండా కొద్దిపాటి కరెంటు లోహపు భాగాల మీదికి చేరుతుంది. తడిచేత్తో హెచ్‌డీఎంఐ వైరు కొన ముట్టుకుంటే చిమచిమలాడేది అదే. మనిషికి పెద్ద ప్రమాదం లేదు. అయితే డిష్ వైరో కేబుల్ వైరో తగిలించి ఉన్న టీవీకి, కరెంటు ఉండగానే హెచ్‌డీఎంఐ పెట్టబోతే చిన్న నిప్పురవ్వ దూకుతుంది. ఆ రవ్వ సన్నటి పిన్నుల్లోంచి లోపలి చిప్పులోకి వెళ్తుంది. ఒక్కసారికే పోవచ్చు. వైరు పెట్టేటప్పుడూ తీసేటప్పుడూ టీవీ, కన్సోల్ రెండిటి స్విచ్చులూ గోడ దగ్గర ఆపండి. ఈ ఒక్క అలవాటుతో పోర్టు ఎన్నో ఏళ్లు బతుకుతుంది.

మూడు పిన్నుల కంప్యూటరు ఉన్నవాళ్లకు ఎర్తు ఇంకా ముఖ్యం. మా వైపు పాత ఇళ్లలో స్విచ్ బోర్డు మీద మూడో రంధ్రం ఉంటుంది, వెనక వైరు ఉండదు. వైరు ఉన్న ఇళ్లలో కూడా ఎర్తు గుంత ఎండిపోయి ఉంటుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా సరిగ్గా పడని పాత అనంతపురం జిల్లా నేల ఇది. గుంతలో బొగ్గూ ఉప్పూ వేసి పైపు దించినా, పని చేయాలంటే అక్కడ తేమ ఉండాలి. మార్చి నుంచి మే దాకా నేల బిగుసుకుపోయినప్పుడు ఆ పైపుకు కరెంటును భూమిలోకి దించే సత్తువ ఉండదు. ఎండాకాలంలో వారానికోసారి ఒక బిందె నీళ్లు ఎర్తు గుంతలో పోయమని ఇంటింటికీ చెబుతుంటాను. పాత్రలు కడిగిన నీళ్లయినా చాలు.

ఇంకో గండం న్యూట్రల్ తెగడం. గాలివానకు స్తంభం మీద న్యూట్రల్ వైరు తెగితే ఇళ్లలోకి 230 వోల్టులకు బదులు 400 దాకా రావచ్చు. ఒక వీధిలో ఒకే రాత్రి టీవీలన్నీ పోయాయంటే కారణం అదే. మామూలు స్పైక్ బోర్డు దీనికి ఆగదు. వోల్టేజీ హద్దు దాటగానే పూర్తిగా తెంచేసే హై లో కటాఫ్ ఉన్న స్టెబిలైజరు పెట్టుకోవాలి. జీఎస్టీలో మిగిలే డబ్బుతో కొనమన్నది దీన్నే. ఆట మధ్యలో కరెంటు పోతే పీఎస్4 హార్డ్‌డిస్కు మీద దెబ్బ పడుతుంది. ఇన్వర్టరు ఉన్న ఇంట్లో దాని వెనక ఉండే స్విచ్చును 'యూపీఎస్' మోడ్‌లో పెట్టండి, మారే వ్యవధి తగ్గి కన్సోల్ ఆగకుండా నడుస్తుంది. ఇన్వర్టరు లేకుంటే కంప్యూటరుకు వాడే 600 వీఏ యూపీఎస్ పీఎస్4నూ 43 అంగుళాల టీవీనీ గేమ్ సేవ్ చేసుకుని ఆపేంతసేపు మోస్తుంది. పీఎస్5 ఒక్కటే 200 వాట్ల దాకా లాగుతుంది కాబట్టి దానికి 1000 వీఏ పైన చూసుకోవాలి.

టీవీని ఏ గోడకు బిగించాలన్నది కూడా ఆలోచించాలి. పడమటి గోడ వద్దు. మా ఎండలకు ఆ గోడ రాత్రి పది దాకా వేడి కక్కుతూనే ఉంటుంది. తెర వెనక ఉండే ఎల్‌ఈడీ పట్టీలకు వేడే చావు. మట్టితో కట్టిన పాత రాతి గోడలకు మేకులు పట్టవు, నెమ్మదిగా ఊడిపోతాయి. అలాంటి ఇంట్లో గట్టి బల్ల మీద పెట్టడమే క్షేమం. కూర్చుంటే కన్ను తెర నడిమికి రావాలి.

బ్రైట్‌నెస్, అంటే బ్యాక్‌లైటు, అంగట్లో వందకు పెట్టి ఉంటుంది. పడకగదికి 50, 60 చాలు, పట్టీల ఆయుష్షు రెట్టింపవుతుందని నా అనుభవం. షార్ప్‌నెస్‌ను సున్నాకో దాని దగ్గరికో దించండి. పవర్ సేవింగ్ మోడ్ తీసేయండి, ఆటలో చీకటి దృశ్యాలు వచ్చినప్పుడల్లా అది తెరను ఇంకా మసక చేస్తుంది.

పాత టీవీ కొనేవాళ్లు మా దగ్గర తక్కువేం కాదు. బెంగళూరులో ఇల్లు మారేవాళ్లు అమ్మేవి ఒక్కోసారి బాగుంటాయి. వెళ్లేటప్పుడు పూర్తి తెలుపు బొమ్మ ఒకటి పెన్‌డ్రైవులో వేసుకెళ్లండి. తెలుపు వేసి చూసినప్పుడు నీలం ఛాయ గానీ, గుండ్రటి చీకటి మచ్చలు గానీ ఉంటే బ్యాక్‌లైటు పట్టీలు అలసిపోయాయి. పట్టీలు మార్చవచ్చు, దానికి రెండు మూడు వేలు అవుతుంది, ధరలో అంత తగ్గించమనండి. సన్నటి నిలువు గీత ఒక్కటి కనిపించినా మాత్రం ప్యానెల్ పోతోందని అర్థం, ఎంత తక్కువకిచ్చినా తీసుకోకండి. అరగంట ఆన్ చేసి ఉంచి, హెచ్‌డీఎంఐ పోర్టులు అన్నిటికీ వరసగా వైరు పెట్టి చూడండి, ప్రతిసారీ స్విచ్చు ఆపి. అన్నీ పలికితే, స్టాప్‌వాచ్ ఫోటోలో గేమ్ మోడ్ నిజమని తేలితే, బేరం చేసి తెచ్చుకోండి.